వేడికి కారే కరెంటు

కోరుట్లలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకితే మనుషులు నీడకు పోతారు. బాపు రేడియో రిపేర్ షాపుకు మాత్రం అదే గిరాకీ సీజను. పాత జర్మేనియం ట్రాన్సిస్టర్ సెట్లు వరసగా వచ్చేవి. అందరిదీ ఒకటే మాట: "పొద్దుగాల మంచిగనే పాడింది, పగటీలికి గొంతు బొంగురువోయింది." చల్లబడ్డాక అదే సెట్టు మళ్లీ బాగా పలికితే, బాపు ఏమీ చేయకుండానే పైసలు గుంజుతున్నాడని అనుమానం.

ఇంజనీరింగ్‌లో దీనికి పేరు తెలిసింది: రివర్స్ లీకేజ్ కరెంట్. కలెక్టర్-బేస్ జంక్షన్‌ని రివర్స్ బయాస్‌లో పెడితే కరెంటు ఆగిపోవాలి. పూర్తిగా ఆగదు. వేడి కొన్ని ఎలక్ట్రాన్లను బంధాల నుంచి విడిపిస్తుంది. అవీ, అవి వదిలిన ఖాళీలూ కలిసి సన్నటి ధారగా జంక్షన్ దాటతాయి. సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు ఆ ధార రెట్టింపు. 25 డిగ్రీల దగ్గర 5 మైక్రో ఆంపియర్లు కారితే, 45 దగ్గర 20. బేస్ వైపు వేరే దారి లేకపోతే ట్రాన్సిస్టర్ దాన్ని కూడా సిగ్నల్ లాగే వంద రెట్లు పెంచుతుంది. అంటే 2 మిల్లీ ఆంపియర్లు. దాంతో ఇంకా వేడి, ఇంకా లీకు.

సిలికాన్‌లో ఇది నానో ఆంపియర్లలోనే ఉంటుంది. అందుకే మా టెక్స్ట్‌బుక్ "నెగ్లిజిబుల్" అని ఒక్క ముక్కలో దాటేసింది. ఆ నెగ్లిజిబుల్ మీదే నా స్కూలు ఫీజు నడిచింది.

బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లో జర్మేనియం సెమీకండక్టర్లు చేయడం మొదలుపెట్టేనాటికే, అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సిలికాన్ ట్రాన్సిస్టర్ తెచ్చి 8 ఏళ్లయింది. మా దగ్గరికి సిలికాన్ ఎక్కువగా దుబాయ్ పోయొచ్చినవాళ్ల టేప్‌రికార్డర్లలో వచ్చింది. అవి ఎండకు బెదరలేదు. బాపు మే నెల గిరాకీ తగ్గిపోయింది.

బాపు ఏ ఫార్ములా చదవలేదు. గిరాకీ ముందే సెట్టు విప్పి, ఒక్కో ట్రాన్సిస్టర్ నెత్తి మీద తడి దూది పెట్టేవాడు. ఎక్కడ పెడితే గొంతు తిరిగొస్తే అదే దొంగ. మార్చడానికి కొత్తది దొరక్కపోతే బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఒక రెసిస్టర్ అతికేవాడు. "లీకును ఆపలేం బిడ్డా. దానికి ఇంకో తొవ్వ సూపియ్యాలె, గంతే."

ఇవాళ నేను గీసే సర్క్యూట్లన్నీ సిలికానే. గది వేడిలో ఆ రెసిస్టర్ లేకున్నా చాలావరకు నడుస్తాయి. అయినా పెడతాను. రివ్యూలో "ఇదెందుకు, తీసేద్దాం" అంటారు. మూసిన డబ్బాలో వేడి 85 డిగ్రీలకు పోతుందని చెప్తాను. 60 డిగ్రీలు పెరిగితే ఆరు రెట్టింపులు, 64 రెట్లు అని లెక్క చూపిస్తాను. చాలాసార్లు ఒప్పుకుంటారు.