పగడపు దీవిలో ఒక పగలు

విహారయాత్ర అనగానే మన ప్రాంతపు విద్యార్థుల మనసులలో మెదిలేవి హంపి, మంత్రాలయం, శ్రీశైలం, హైదరాబాదు. ఇవన్నీ గట్టి నేల మీది ప్రదేశాలే. ఆదోని నుండి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రం చేరడానికి ఒక రాత్రి ప్రయాణం తప్పదు. తుంగభద్ర దిగువ కాలువలో నీరు వచ్చిన రోజును పండుగగా, రాని రోజును శిక్షగా లెక్కించుకొనే వారము మనము. అటువంటి మన వంటి వారికి అపారమైన నీటి నడుమ ఒక పగలంతా ఆడుకొనే అవకాశం లభిస్తే కలిగే ఆనందం ఇంతింత కాదు. ఆ ఆనందంతోపాటు కొన్ని విషయాలను నేర్చుకొనే భాగ్యం కూడా మాకు కలిగింది. వాటిని మన కళాశాల పత్రిక పాఠకులతో పంచుకోవలెనన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

2025 జనవరిలో మేము మిత్రులము ఐదుగురము అండమాన్ దీవులకు వెళ్ళాము. ఆదోనిలో రైలెక్కి మద్రాసు చేరి, అక్కడ నుండి ఓడలో ప్రయాణం చేశాము. ఓడకు సుమారు మూడు రోజులు పడుతుంది. రేవు దగ్గర మట్టిరంగులో ఉన్న నీరు క్రమంగా ఆకుపచ్చగా, ఆపైన నీలంగా, చివరకు సిరా పోసినట్లు చిక్కని నీలంగా మారడం మేము డెక్కు మీద నిలబడి చూచాము. పగడాలకు కావలసినది తేట నీరు, వెలుతురు, వెచ్చదనం. గోదావరి, కృష్ణ వంటి మహానదులు ఒండ్రునూ మంచినీటినీ తెచ్చి కలిపే మన ఆంధ్రతీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి ఇదే ముఖ్య కారణం. మన దేశంలో అవి ప్రధానంగా నాలుగు చోట్ల కలవు: కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు.

పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. అక్కడ నుండి చిన్న ఓడలో సుమారు రెండు గంటలు ప్రయాణిస్తే స్వరాజ్ ద్వీప్ వస్తుంది. 2018 డిసెంబరు వరకు దాని పేరు హేవ్‌లాక్. 1857 తిరుగుబాటును అణచిన ఆంగ్ల సేనానులలో ఒకని పేరు అది. ఆ తిరుగుబాటులో పాల్గొన్నందుకు ద్వీపాంతర శిక్ష పడి ఇదే సముద్రాన్ని దాటి వచ్చినవారిలో ఉర్దూ పాఠకులకు సుపరిచితుడైన విద్వాంసుడు మౌలానా ఫజ్లే హఖ్ ఖైరాబాదీ ఒకరు. ఆయన 1861లో ఈ దీవులలోనే కన్నుమూశారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాదు రెసిడెన్సీపై దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌ను కూడా ఈ దీవులకే పంపారు. వారు కాలాపానీ అని పిలిచిన నీటిని మనము సెలవుల కోసం వెతుక్కొంటూ వస్తున్నాము. ఈ సంగతి తలచుకొన్నప్పుడు మాలో కొంతసేపు మాట పెగలలేదు.

ఆ దీవికి ఒక మూల ఎలిఫెంట్ బీచ్ అనే తీరం ఉన్నది. రేవు నుండి చిన్న మోటారు పడవలో ఇరవై నిమిషాల ప్రయాణం. ముఖానికి అద్దము, నోటికి గొట్టము తగిలించుకొని నీటిమీద బోర్లా తేలుతూ పగడాలను చూచే స్నార్కెలింగ్, నీటిమీద మోటారు సైకిలు వలె దూసుకుపోయే జెట్ స్కీ, ఈ రెండూ అక్కడ ఒకే పూటలో దొరుకుతాయి. మా పడవ నడిపిన యువకుడు మా మాటలు విని తెలుగులో పలుకరించాడు. "మీది ఏ ఊరప్పా?" అని మాలో పెద్దాయన అడిగితే, "సిక్కోలు బాబూ, తాతలనాడు వచ్చీసినాం" అన్నాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు యాభై వేల మంది. అంటే నూటికి పదముగ్గురు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారిలో చాలా ఉన్నవి. బజారులో అందరినీ కలిపే భాష మాత్రం హిందూస్తానీ. మాలోని ఉర్దూ మిత్రులు తమ దక్కనీ మాటలతోనే నిరాటంకంగా బేరాలు చేశారు.

మాలో ఇద్దరికి ఈత రాదు. ఈత నేర్చుకోవడానికి మన ఊళ్ళలో బావులే గతి. ఆ బావులు కూడా ఇప్పుడు ఎండినవో, పూడినవో. అందుచేత ఆ ఇద్దరికీ తగిన తేలుడు చొక్కాలు తొడిగి, గాలి నింపిన చక్రాన్ని పట్టుకోమని చెప్పి, ఆ యువకుడే దానిని తాడుతో లాగుతూ వెంట వచ్చాడు. ముందుగా నడుము లోతు నీటిలో నిలబెట్టి అభ్యాసం చేయించాడు. ముక్కు మూతబడి ఉంటుంది కనుక నోటితోనే శ్వాసించవలె. మొదటి రెండు నిమిషాలు ప్రాణం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. గొట్టం మూర కంటె పొడవు ఎందుకు ఉండదని మాలో ఒకరు అడిగారు. లోతుకు పోయిన కొద్దీ నీటి ఒత్తిడి రొమ్మును నొక్కి గాలి పీల్చనీయదు. పైగా గొట్టం పొడవైతే మనము విడిచిన చెడుగాలే తిరిగి మన ఊపిరితిత్తులకు చేరుతుంది. భౌతిక శాస్త్రపు పాఠం ఇంత స్పష్టంగా తరగతిలో ఎన్నడూ బోధపడలేదు. నీటిలో కాంతి వంగుట వలన అద్దంలోనుండి చూచిన వస్తువు సుమారు మూడోవంతు పెద్దదిగా, మరింత దగ్గరగా కనిపిస్తుందన్నది మరొక పాఠం.

శ్వాస కుదుటపడిన తరువాత తల వంచి చూచాము. ఆ దృశ్యాన్ని వర్ణించడానికి మా భాష చాలదు. జింక కొమ్ముల వంటివి, మెదడు ముడతల వంటివి, బల్లలు పరచినట్లున్నవి, ఎన్నెన్నో ఆకారాలు. వాటి సందులలో నారింజరంగుపై తెల్లని పట్టీలు గల చిన్న చేపలు సముద్రపుష్పాల కుచ్చులలో దూరుతూ, బయటకు వస్తూ ఉన్నవి. చిలుక ముక్కు వంటి నోరు గల చేప ఒకటి దిబ్బను గీరుతుంటే ఆ గీరుడు చప్పుడు మా చెవులకు వినిపించింది. అది కొరికి మింగిన సున్నపురాయి పొడియై ఇసుకగా బయటకు వస్తుంది. కొన్ని పెద్ద జాతుల చేప ఒక్కటే ఏడాదికి కొన్ని వందల కిలోల ఇసుకను తయారు చేయగలదు. మేము ముచ్చటపడి నడిచిన ఆ తెల్లని తీరంలో కొంత భాగం ఆ చేపల శ్రమఫలమే అని తెలిసినప్పుడు మా ఆశ్చర్యానికి మేర లేకపోయింది.

మాలో ఒకరు అలసిపోయి ఒక దిబ్బపై కాలు మోపబోగా ఆ యువకుడు గట్టిగా వారించాడు: "ఆనించకండి బాబూ! అది రాయి కాదు, పేనం ఉన్నాది దానికి." ఈ ఒక్క మాటే మా యాత్రకంతటికీ సారము.

పగడము నిజముగా ప్రాణియే. బియ్యపుగింజంత ప్రమాణం గల వేలాది జీవులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని, సముద్రపు నీటి నుండి సున్నమును తీసికొని తమ క్రింద గూళ్ళు కట్టుకొంటాయి. వాటి శరీరంలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన నాచు నివసిస్తుంది. నాచు ఎండ సహాయంతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. పగడం దానికి ఆశ్రయమిస్తుంది. రంగు కూడా చాలవరకు ఆ నాచు ఇచ్చినదే. 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన యెమ్మిగనూరు చేనేత సహకార సంఘం మాకు జ్ఞాపకం వచ్చింది. ఒక్క మగ్గము వలన ఊరు నిలువదు. వేయి మగ్గాలు కలిస్తే నిలుస్తుంది. గుండు వంటి పగడం ఏడాదికి పెరిగేది సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే. మన ఎత్తు దిబ్బ తయారు కావడానికి ఒకటిన్నర శతాబ్దం కంటె ఎక్కువ పడుతుంది. దానిని గాయపరచడానికి ఒక్క కాలి తాకిడి చాలు. సముద్రగర్భంలో నూటికి ఒక వంతు కూడా లేని ఈ దిబ్బలు, సముద్రజీవుల జాతులలో సుమారు నాలుగోవంతుకు ఏదో ఒక దశలో ఆశ్రయమిస్తున్నవని శాస్త్రజ్ఞులు చెబుతారు.

పగడమనగానే మనకు గుర్తు వచ్చేది నవరత్నాలలోని ఎర్రని ప్రవాళము. ఉర్దూలో దానిని మర్జాన్ అంటారు. పవిత్ర ఖురానులోని సూరా రహ్మాన్‌లో ముత్యముతోపాటు ఈ పేరు వస్తుంది. ఆభరణాలలో పొదిగే ఆ ఎర్ర పగడము చీకటి నీటిలో పెరిగే వేరొక జాతి. దిబ్బలు కట్టే పగడాన్ని నీటిలోనుండి తీస్తే కొద్ది కాలంలోనే అది రంగు పోయి వట్టి సున్నపురాయిగా మిగులుతుంది. కనుక జ్ఞాపకార్థమని తెచ్చుకొనే ముక్కలో మనము చూచిన అందం ఉండదు.

మధ్యాహ్నానికి ముందు జెట్ స్కీ వంతు వచ్చింది. ఎడారి నేలలపై మోటారు సైకిళ్ళు పరుగెత్తించిన అమెరికా దేశస్థుడు క్లేటన్ జేకబ్సన్ 1960ల కాలంలో ఇటువంటి యంత్రాన్ని రూపొందించగా, జపానుకు చెందిన కవాసాకీ సంస్థ 1970ల ఆరంభంలో జెట్ స్కీ అన్న పేరుతో దానిని అమ్మకానికి తెచ్చింది. నీరు లేని నేలవాడు నీటి గుర్రాన్ని సృష్టించాడని మేము నవ్వుకొన్నాము. దీని అడుగు నుండి నీరు లోపలికి పీల్చబడి, వెనుక మూతి గుండా బలంగా చిమ్మబడుతుంది. ఆ ప్రతిచర్య వలన వాహనం ముందుకు దూకుతుంది. చేతికర్రను త్రిప్పితే ఆ మూతి ప్రక్కకు తిరుగుతుంది. ఇందులో ఒక ప్రమాదము దాగి ఉన్నది. భయపడి వేగాన్ని పూర్తిగా తగ్గించిన క్షణంలో నీరు చిమ్మడం ఆగుతుంది. అప్పుడు చేతికర్ర త్రిప్పినా వాహనం మలగదు, తిన్నగా పోతుంది. నేల మీది బండికి దీనికి గల భేదం ఇదే. నడిపేవాడు జారిపడితే యంత్రం ఆగిపోవడానికి అతని మణికట్టుకు ఒక త్రాడు కట్టి ఉంటుంది.

అక్కడ యాత్రికుని వెంట శిక్షణ పొందిన వాడొకడు ఉండి వాహనాన్ని నడుపుతాడు. కూర్చున్నది కొద్ది నిమిషాలే అయినా ఆ వేగం, ముఖాన కొట్టే ఉప్పునీటి తుంపరలు, అల మీద నుండి అలకు ఎగురుట, ఇవి మాకు బాల్యాన్ని తెచ్చి ఇచ్చాయి. యాభై ఏళ్ళు దాటిన మా మిత్రుడు కేకలు వేస్తూ నవ్వడం మేము అంతకు ముందు చూడలేదు. ఈ వినోదాన్ని నిందించే ఉద్దేశం మాకు లేదు.

అయితే ఈ రెండు వినోదాలకు సహజంగా పొత్తు కుదరదు. నీటిలో బోర్లా తేలే మనిషి తల ఒక్కటే, అదీ సగమే, పైకి కనిపిస్తుంది. వేగంగా వచ్చే వాహనానికి ఆ తల కనిపించేసరికి ఆలస్యమవుతుంది. తేలేవాడు దిక్కు తెలియక అడుగు వైపే చూస్తూ ఉంటాడు. యంత్రపు ధ్వని చేపల నడవడిని కూడా మార్చివేస్తుంది; లోతు తక్కువ చోట యంత్రం ఇసుకను లేపితే ఆ ఇసుక పగడాల మీద పడి వెలుతురును అడ్డగిస్తుంది. అందుచేత పగడాలున్న చోటు వేరుగా, వాహనాలు పరుగెత్తే లోతు నీరు వేరుగా ఉండవలె. రెండింటికీ నడుమ తేలే గుర్తుల వరుస ఉన్నచోటనే దిగవలె. ఉదయం నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు పగడాల దర్శనం, ఆ తరువాత పరుగుల పందెం అన్న క్రమమే మంచిది. నిదానంగా చూచిన తరువాత వేగంగా పోయేవానికి తాను దేనికి దూరంగా ఉండవలెనో తెలిసి ఉంటుంది.

ఈ సంపద శాశ్వతమని భ్రమపడరాదు. ఎలిఫెంట్ బీచ్‌లో మోడువారిన మహావృక్షాలు వేళ్ళతో సహా తీరాన పడి ఉన్నవి; అవి 2004 డిసెంబరు 26 నాటి సునామీ మిగిల్చిన గుర్తులు. ఆనాటి భూకంపానికి ఉత్తర అండమాన్‌లో కొన్ని తీరాలు పైకి లేచి, అక్కడి పగడాలు నీటి వెలుపల పడి ఎండి మరణించాయి. నీటి వేడి కొన్ని వారాలపాటు మామూలు కంటె ఒక డిగ్రీ పెరిగినా పగడం తన నాచును వెళ్ళగొట్టి తెల్లబోతుంది. వేడి త్వరగా తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. 1998, 2010, 2016 సంవత్సరాలలో అండమాన్ పగడాలకు ఈ దుస్థితి కలిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇట్టి విపత్తు నడుస్తున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మేము చూచిన రంగుల నడుమ బూడిదవన్నె దిబ్బలు కూడా ఉన్నవి. కరవులో ఆకు రాల్చి నిలిచిన మన ప్రత్తిచేలు ఎట్లుంటాయో అట్లే ఉన్నవి అవి.

దిబ్బలు కట్టే పగడాలకు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద పులికి, ఏనుగుకు ఉన్నంత రక్షణ ఉన్నది. కాని ప్రతి పగడం ప్రక్కన ఒక కావలివాడు నిలువలేడు. ఆ పని చూడవచ్చినవాని సంస్కారం చేయవలె. కాలు మోపకుండుట, ముక్క విరవకుండుట, చేపలకు రొట్టె వేయకుండుట, కొన్ని రకాల ఎండ లేపనాలు పగడాలకు హాని కనుక పొడుగు చేతుల చొక్కా తొడుక్కొనుట, ఇవి కష్టమైన నియమాలు కావు.

విద్యార్థి మిత్రులారా! అండమాన్ వెళ్ళే స్తోమత అందరికీ కలుగకపోవచ్చు. రామేశ్వరం దగ్గరి మన్నారు తీరానికో, విశాఖలోని ఋషికొండకో ఏదో ఒకనాడు మీరు తప్పక వెళ్తారు. వెళ్ళేముందు ఈత నేర్చుకొనండి. కళాశాల కార్యవర్గము వారికి మా సవినయ మనవి ఒక్కటి: సముద్రతీరానికి విహారయాత్ర నిర్ణయించిన ప్రతిసారీ, ప్రయాణానికి ముందుగా విద్యార్థినీ విద్యార్థులకు ఈతలో, నీటి జాగ్రత్తలలో కొన్ని దినాల శిక్షణ ఏర్పాటు చేయవలసినది. నీరు తక్కువైన ఊరి పిల్లలకు ఈ శిక్షణ అందరికంటె ఎక్కువ అవసరము. నీటిని మనము గౌరవించడం పుట్టుకతోనే నేర్చినాము. నీటిలో నిబ్బరంగా మెలగడం కూడా నేర్చినట్లయితే మన పిల్లలు క్షేమంగా ఇల్లు చేరుతారు, తాము చూచిన అందాన్ని తరువాతి వారికి భద్రంగా విడిచి వస్తారు.