వోచరు ఏదీ?

ముప్పై ఏళ్ళు రక్షణ శాఖ లెక్కలు చూశాను. వోచరు లేని ఖర్చు ఒప్పుకోను.

మా మేనకోడలికి 24 ఏళ్ళు. కళ్ళజోడు వల్ల సంబంధం తప్పిపోయిందని లేజర్ ఆపరేషన్‌కి సిద్ధపడింది. మా చెల్లెలు పంచాంగం చూసి ముహూర్తం పెడితే నవ్వాను. ఒక క్లినిక్‌వాళ్ళు "నూటికి నూరు గ్యారంటీ" అంటే మాత్రం తలూపాను. ఆ నమ్మకానికి వోచరు ఏదీ?

లేజర్ కార్నియాను కొంత చెక్కి వంపు మారుస్తుంది. చెక్కింది తిరిగి రాదు. అందుకే ముందుగా కార్నియా మందం, ఆకారం కొలవాలి. కళ్ళజోడు పవర్ కనీసం ఏడాదిగా మారకుండా ఉండాలి. ఆ కొలతల కాగితం అడిగితే క్లినిక్‌వాళ్ళు ఇవ్వలేదు.

పుదుచ్చేరిలో 2003 నుంచీ అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, వేరే డాక్టర్లూ ఉన్నారు. రెండో మాట అడగడానికి కొదవేం లేదు. ఉప్పళం నుంచి ఆటోలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కార్నియా మ్యాప్ తీసి మా ముందు పెట్టారు. "కెరటోకోనస్ అనుమానం ఉంది. కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొస్తోంది. లేజర్ పడితే ఇంకా బలహీనపడుతుంది. నేను చెయ్యను" అన్నారు. పిల్ల ఏడ్చింది. ఆర్నెల్లకోసారి పరీక్షకు రమ్మన్నారు.

డాక్టర్ని ఎంచుకునేటప్పుడు "ఎన్ని చేశారు?" అని మాత్రమే కాదు, "ఎవరికి చెయ్యరు?" అని కూడా అడగండి. జవాబు కాగితం మీద చూపించమనండి.

ముహూర్తం మాత్రం దివ్యంగా ఉందట!