మా ఇంట్లో పద్మ

పద్మ అంటే మా ఆడపడుచో, పక్కింటావిడో అనుకునేరు. కాదండీ. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకి తగిలించుకునే చిన్న ఎక్స్‌టెన్షన్ పేరది. కూడలిలో బ్లాగులు వెతుక్కుని చదివిన పాత కాపులకి గుర్తుండే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌ని ముద్దుగా మంటనక్క అని పిలుచుకున్న రోజులవి.

యూనికోడ్ ఇంతగా వాడుకలోకి రాకముందు నెట్‌లో తెలుగంటే ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి గిన్నె వాళ్లది. ఒక్కో పత్రిక సైటుకి ఒక్కో ఫాంటు. అక్షరాన్ని ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు ఇంకోచోట ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు మన కంప్యూటర్లో ఉంటే తెలుగు కనబడేది. లేకపోతే ఇంగ్లీషు అక్షరాలూ, బ్రాకెట్లూ, పౌండు గుర్తులూ కలిపి పోసిన తాలింపు గింజల్లా ఉండేది. పద్మ ఆ ముక్కలన్నీ ఏరి యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. బీఏలో లిపి పరిణామం గురించి పరీక్ష రాశాను గానీ, మన గుడి, కొమ్ము, ఏత్వం ఎలా అతుక్కుంటాయో నాకు నిజంగా బోధపడింది పద్మ పని చూశాకే.

ఇప్పుడు పెద్ద పత్రికలు యూనికోడ్‌లోకి వచ్చేశాయి, ఇంకా పద్మతో ఏం పని అంటారా? నాకుంది.

మా అత్తయ్యగారు 2003, 2004లలో ఒక చిన్న వెబ్ పత్రికకి పదకొండు జ్ఞాపకాలు రాశారు. కాగితం మీద రాస్తే వాళ్లు టైపు చేసుకునేవారు. ఆ పత్రిక ఎప్పుడో మూతబడింది, సైటూ పోయింది. మావారు ముందుచూపుతో సంచికలన్నీ సీడీలోకి ఎక్కించి ఉంచారు. ఫాంటు మాత్రం రాలేదు. అదృష్టం కొద్దీ పద్మకి ఆ ఫాంటు తెలుసు.

అత్తయ్యకిప్పుడు 81. చూపు తగ్గింది, పేర్లు జారిపోతున్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక "అమ్మాయ్, నేను రాసిన మా మేనత్త కథ ఓసారి చదువు" అంటారు. చదువుతుంటే, పొద్దున నన్నడిగి అడిగి గుర్తురాని పేరు ఆవిడ నోట వాక్యం కంటే ముందే వచ్చేస్తుంది.

అలాంటప్పుడు మా అబ్బాయి కబురు తెచ్చాడు. 2017 నవంబరు 14న రాబోయే ఫైర్‌ఫాక్స్ 57లో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లేవీ పనిచెయ్యవట. వాళ్లు చాలా ముందే చెప్పారు లెండి, కారణమూ ఉంది. పాత ఎక్స్‌టెన్షన్లు బ్రౌజరు లోపల ఏ మూలకైనా వెళ్లి చెయ్యి పెట్టగలిగేవి. వంటిల్లు బాగుచేద్దామని ఒక గోడ కదిపితే ఆ గోడకి మేకు కొట్టుకున్నవాళ్లందరి సామానూ కిందపడేది. అందుకని ఇకమీద అందరూ కొత్త పద్ధతిలోనే రాయాలన్నారు. రాసేవాళ్లున్నవి మారాయి. పద్మకి ఆ కొత్త చీర కట్టేవాళ్లు కనబడలేదు.

ముందు ఫైర్‌ఫాక్స్‌లోనే ఈఎస్‌ఆర్ 52 అనే దీర్ఘకాలపు రకానికి మారాను. అందులో పాతవి నడుస్తాయి. 2018 సెప్టెంబరుతో దాని గడువూ అయిపోయింది. అక్టోబరు నుంచి పాత ఎక్స్‌టెన్షన్లు వాళ్ల సైటులో కూడా దొరకవన్నారు. అది వినగానే పద్మ ఫైలుని పెన్‌డ్రైవులో ఒకటి, మెయిల్లో ఒకటి దాచాను. ఊరగాయ రెండు జాడీల్లో పెట్టే బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఆ తర్వాత వాటర్‌ఫాక్స్‌కి వచ్చాను. అది ఫైర్‌ఫాక్స్ కోడు నుంచే పుట్టింది గానీ అప్పటికి పాత ఎక్స్‌టెన్షన్లని పోనివ్వలేదు. మా అబ్బాయి షరతు ఒక్కటే: "అమ్మా, బ్యాంకు, గ్యాస్ బుకింగు దీంట్లో చెయ్యకు." వాడు చెప్పింది సబబే. భద్రతకి కొత్త బ్రౌజరు, సీడీకి పాతది. మడి గిన్నెలు వేరు పెట్టుకున్న ఇంట్లో ఇదేం కష్టం కాదు.

"పదకొండు కాపీ చేసుకుంటే పావుగంటలో అయిపోతుందిగా, ఈ బ్రౌజర్ల గొడవెందుకు" అని కూడా అన్నాడు. అత్తయ్యవి అలాగే మొదటిరోజే కాపీ చేశాను. సీడీలో ఆవిడవే లేవు. అప్పట్లో రాసిన ఎంతమంది ఆడవాళ్లవో ఉన్నాయి. వాళ్లలో సగం మంది మళ్లీ ఎక్కడా రాసినట్టు లేదు. అత్తయ్య రచనల మీద వచ్చిన ఉత్తరాలూ ఉన్నాయి. అవన్నీ ఒక్కొక్కటే తెరిచి, పద్మతో మార్చి, చదివి దాచుకోవాలి. దానికి పావుగంట చాలదు.

అత్తయ్యవి కూడా కాపీతో అవలేదు. సున్నుండల దగ్గర "పావుకిలో మినుములు" అని చదివితే ఆవిడ లేచి కూర్చున్నారు.

"పావుకిలో అని నేను రాయలేదే. సోలెడు అని రాశాను. వాళ్లే మార్చారు. అప్పుడే చెబుదామనుకున్నాను, మీ మావయ్యగారు పోనిద్దూ అన్నారు."

పద్నాలుగేళ్ల తర్వాత సోలెడు సోలెడైంది. అప్పట్నుంచి రోజుకో పేజీ చదివి, ఆవిడ చెప్పినట్టు లేఖినిలో టైపు చేసి దిద్దుతున్నాను. ఏడు అయ్యాయి. ఎనిమిదోది 1953 గోదావరి వరదల గురించి. దాంట్లో వాళ్లు రెండు పేరాలు కోసేశారట. అవి రేపు చెబుతానన్నారు, మజ్జిగ తాగాక.