కుర్చీలో మనిషి మారినా...

ఓయూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మొదలైన వాదన తార్నాక చాయ్ బండి దాకా వచ్చింది. గ్రూప్స్ పుస్తకం మీద గ్లాసు పెట్టి ఒక తమ్ముడు గట్టిగా అడిగాడు: "పాత సర్కారు అధికారులు మనకెందుకన్నా?"

2023 జనవరిలో కేసీఆర్ నియమించిన ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి (సీఎస్) శాంతికుమారిని, ఆ డిసెంబరులో సీఎం అయిన రేవంత్ రెడ్డి మార్చలేదు. 2025 ఏప్రిల్‌లో రిటైరయ్యేదాకా ఆమే సీఎస్. తర్వాత వచ్చిన రామకృష్ణారావు కూడా కేసీఆర్ హయాంలో ఏళ్ల తరబడి ఆర్థిక శాఖ చూసినాయనే. అమెరికాలోనూ అంతే, రెండు యుద్ధాలు సాగుతుండగా గద్దెనెక్కిన ఒబామా, బుష్ రక్షణ మంత్రి గేట్స్‌నే ఉంచుకున్నాడు.

తప్పు చేసినోళ్లను వదిలేయమని కాదు. కానీ అప్పుల లెక్క, ఫైళ్ల జాడ తెలిసినవాళ్లను పార్టీ రంగు చూసి పంపేస్తే నష్టపోయేది జనమే. ఈ విషయంలో రేవంత్ చేసింది మంచి పని. ఏ పార్టీ అభిమానులమైనా ఒప్పుకుందాం.