మంచె దిగని కావలి

సంఘములో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారని తెలిస్తే వెళ్లడం కాపరి పని. వెళ్తాం, ప్రార్థన చేస్తాం, ధైర్యం చెబుతాం. కాని తెలియని సంగతికి తల ఊపితే ఎంత హాని జరుగునో 2025 సంక్రాంతి తరువాత నేను నేర్చుకున్నాను.

మా సంఘ సహోదరి ఒకామె న్యుమోనియాతో పట్నంలో పెద్ద ఆసుపత్రిలో చేరింది. రెండవ నాటికి జబ్బు రక్తంలోకి పాకింది. ఐ.సి.యు.లో పెట్టారు. పైపరాసిల్లిన్-టాజోబాక్టం అనే మందు ఆరు గంటలకొకసారి, అరగంటలో ఎక్కించేవారు. నాలుగవ నాడు చూస్తే ఆ మోతాదులు లేవు. మంచం ప్రక్కన చిన్న పంపు, దానికి ఒక పెద్ద సిరంజి. అది కదులుతున్నట్టే లేదు.

"అయ్యగారూ, మందు ఆపేసి ఊరికే సెలైను పెట్టారు. ఆశ లేకనే గదా! ఖర్చు మించిపోతోంది. ఊపిరుండగానే ఇంటికి తీసుకుపోదామా?" అన్నాడు పెద్దకొడుకు.

నేను తల ఊపాను. "దేవుని చిత్తం బాబూ" అన్నాను. ఆ మాట అనేముందు డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగలేదు.

అడిగినవాడు ఆమె భర్త. అక్షరం రాని రైతు. "డాక్టరుబాబూ, మందు ఎందుకు మానేశారు?"

"మానలేదు పెద్దాయనా. నాలుగుసార్లుగా ఇచ్చే మందునే ఇరవైనాలుగు గంటలూ సాగదీసి ఇస్తున్నాం. పెన్సిలిన్ జాతి మందులు క్రిమి తన గోడ కట్టుకోకుండా అడ్డుపడతాయి. రక్తంలో మందు ఒక మట్టానికి పైన ఎంతసేపు నిలిస్తే అంతసేపే పని. మరీ ఎక్కువ పెంచినా ఆ మేరకు లాభం ఉండదు. జబ్బు ముదిరిన కొందరిలో మూత్రపిండాలు మందును త్వరగా తోసేస్తాయి. తరువాతి మోతాదు వచ్చేలోగా మట్టం పడిపోతుంది."

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "జొన్నచేను కావలి లాంటిదన్నమాట. ఎంత పెద్ద కేక వేసినా, మంచె దిగితే పిట్టలు మళ్లీ వాలతాయి."

డాక్టరుగారు నవ్వారు. ముందుగా ఒక నిండు మోతాదు ఇచ్చి తరువాతే పంపు పెట్టాలనీ, లేకుంటే ఆ మట్టం చేరడానికే గంటలు పడుతుందనీ చెప్పారు. అన్ని మందులకూ ఈ పద్ధతి చెల్లదట. జెంటామైసిన్ వంటివి సాధారణంగా రోజుకొక్కసారి పెద్ద మోతాదుగా ఇస్తారట. మెరోపెనెమ్ వేడికి త్వరగా చెడుతుంది గనుక మాటిమాటికి కొత్తది కలపాలట. పైగా ఒక నరం ఎప్పుడూ ఆ మందుకే కేటాయించాలి.

"ఇలా చేస్తే అమ్మ బ్రతుకుతుందా?" అన్నాడు కొడుకు.

ఆయన మాట ఇవ్వలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. 2024లో ఏడు దేశాల్లో సుమారు 7,000 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితం వెలువడింది. 90 రోజులలోపు చనిపోయినవారు ఎడతెగకుండా మందు పొందినవారిలో నూటికి 24.9, విడివిడిగా పొందినవారిలో 26.8. ఈ తేడా యాదృచ్ఛికం కాదని ఆ ఒక్క పరీక్షతో తేల్చలేకపోయారు. జబ్బు నయమైనవారు మాత్రం 55.7, 50. అదే ఏడాది 18 పరీక్షలను, 9,000 మందికి పైగా రోగులను కలిపి చూసినప్పుడు, ఎడతెగని పద్ధతిలో మరణాలు తగ్గినట్టు కనబడింది.

"పెద్ద అద్భుతం కాదు. కాని ఆశ వదిలినవాళ్లం ఈ పంపు పెట్టం" అన్నారాయన.

కొడుకు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఇరవైరెండవ నాడు ఆమె ఇంటికి వచ్చింది. పంపే బ్రతికించిందని నేను చెప్పలేను. డాక్టరుగారూ చెప్పలేదు. కాని ఆ నాలుగవ నాడు ఇంటికి తెచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఈనాటికీ నిద్ర పట్టదు.

ప్రియులారా, మీవారు ఐ.సి.యు.లో ఉన్నప్పుడు వైద్యంలో ఏదైనా మారితే ఊహించుకోవద్దు. ఏమి మారింది, ఎందుకు మారింది అని మర్యాదగా అడగండి. తెలుసుకున్న తరువాతే నిర్ణయానికి రండి. నేనూ ఇప్పుడు అడిగి తెలుసుకున్నాకే తల ఊపుతున్నాను.