ఎర్ర సిరా

నా ఉద్యోగమంతా ఇంగ్లీషు తప్పులు దిద్దడంలోనే గడిచింది. నెల్లూరులో ఆడపిల్లలకు పాఠం చెప్పిన రోజుల్లో ఏటేటా అవే ప్రశ్నలు. 'డిస్కస్ అబౌట్' అనొచ్చా మేడం? 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' ఎందుకు తప్పు? 'కజిన్ సిస్టర్' అంటే నవ్వుతారా? నేను సూత్రం చెప్పేదాన్ని. డిస్కస్‌లోనే 'గురించి' ఉంది, మళ్లీ అబౌట్ అక్కర్లేదు. అన్నదమ్ములు ఉండటం జరుగుతున్న పని కాదు, 'ఐ హ్యావ్' చాలు. కజిన్ అంటే చాలు, సిస్టర్ వద్దు. అక్క, వదిన, మరదలు అని విడివిడిగా పిలుచుకునే పిల్లలకు, ఆడో మగో కూడా చెప్పని 'కజిన్' ఎలా సరిపోతుందని నేను ఆలోచించలేదు.

మైపాడు దగ్గరి పాళెం నుంచి వచ్చే ఒక పిల్ల వాళ్లమ్మ మీద వ్యాసం రాసింది. తెల్లారుజామున సముద్రపొడ్డుకు పోయి, చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మే మనిషి. వ్యాసంలో అమ్మకు బదులు ప్రతిచోటా 'ఇట్' అని ఉంది. ఇట్ గోస్, ఇట్ సెల్స్, ఇట్ కమ్స్ హోమ్. క్లాసులో పైకి చదివాను. "ఏం మే, మీ అమ్మ మనిషా, వస్తువా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. ఆ తర్వాత ఏడాదంతా నా క్లాసులో నోరు విప్పలేదు.

చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు. అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. మన వ్యాకరణంలో మగవాడు మహత్తు. ఏకవచనంలో ఆడదాని క్రియ పశువులతో, వస్తువులతో కలిసి నడుస్తుంది. 'గారు' తగిలించదగ్గ వాళ్లయితే 'వచ్చారు' అంటాం. చేపలమ్మే ఆమెకు ఆ మర్యాద ఎవరిస్తారు? ఆ పిల్ల 'పోతుంది'లోని 'ది'ని ఇంగ్లీషులోకి మోసుకుపోయింది, అంతే. వస్తువా అని నేనడగాల్సింది ఆమెను కాదు, నా భాషను.

బహువచనంలో మాత్రం మనం మనుషుల్లో కలుస్తాం. బస్సులు వచ్చాయి, ఆడవాళ్లు వచ్చారు. ఈ జిల్లాలోనే 1992లో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న దూబగుంట ఆడవాళ్లు గుంపుగా వచ్చారు, సారా అంగడి మూయించారు. 1993 అక్టోబరుకు రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్ల గుణింతాల్లో తప్పులెన్నని అప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు.

రిటైరయ్యాక ఇప్పుడూ సాయంత్రాలు ఇంటికొచ్చే పిల్లలకు చెబుతున్నాను. 'ఇట్' కొట్టేసి 'షీ' అని రాయిస్తూనే ఉన్నాను. రాయించకపోతే రేపు ఇంటర్వ్యూలో ఇంకెవరో నవ్వుతారు. కాకపోతే దిద్దేముందు, ఆ తప్పు ఏ తెలుగు మాటలోంచి వచ్చిందో ఇద్దరం కలిసి వెతుక్కుంటాం.

ఆ వ్యాసంలో, గంప ఖాళీ అయ్యాక వాళ్లమ్మ చేతిలో ఎంత మిగులుతుందో లెక్క కూడా ఉంది. లెక్క సరిగ్గానే ఉంది. ఆ వాక్యం కింద నేనేమీ రాయలేదు.