పెన్‌గంగ అవతలి తాకట్టు

ఇచ్చోడ పెద్ద ఊరేమీ కాదు. నిర్మల్‌కు, ఆదిలాబాద్‌కు నడుమ, కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పోయే పెద్ద రోడ్డు మీద ఉంది. టీ దుకాణం బల్ల మీద నేను కూర్చున్న కాసేపట్లోనే తెలుగు, మరాఠీ, గోండీ మూడూ చెవిని పడ్డాయి.

"ఇటు పోతే ఏం వస్తుంది?" అని ఉత్తరంగా చూపించి దుకాణం పెద్దాయనను అడిగాను.

"ఆదిలాబాద్ దాటినంక పెన్‌గంగ వస్తది సారూ. గది దాటితె మహారాష్ట్రనే," అన్నాడు.

ఆ అవతలి గడ్డ బేరార్. ఒకప్పుడు అదీ నిజాముదే. యుద్ధంలో ఓడి పోగొట్టుకున్నది కాదు. సైన్యానికి జీతాలివ్వలేక పోగొట్టుకున్నది!

హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ దొర 1813లో ఒక పటాలం కూర్చాడు. అదే పెరిగి హైదరాబాద్ కంటింజెంట్ అయింది. ముఖ్య స్థావరం బొల్లారం. హింగోలీ, జాల్నా, ఎలిచ్‌పూర్‌లలో దండు విడుదులు. జీతం నిజాముది, హుకుం దొరలది. జీతాలు బకాయి పడ్డాయి. కుంపిణీవారు అప్పిచ్చారు. వడ్డీ పెరిగింది. చివరకు 1853లో నాసిరుద్దౌలా చేత సంధి రాయించుకొని, ఆ ఖర్చు కింద బేరార్‌ను తమ చేతిలోకి తీసుకున్నారు. ఆ నల్లరేగడిలో పత్తి పండించే రైతును మాత్రం ఎవరూ అడగలేదు.

1902లో కర్జన్ ప్రభువు ఏటా 25 లక్షల రూపాయలకు దానిని శాశ్వత కౌలుగా మార్చాడు. మరుసటి ఏడే కంటింజెంట్‌ను విడదీసి భారత సైన్యంలో కలిపేశారు. ఏ పటాలం కోసం నేల పోయిందో ఆ పటాలమూ పోయింది. నేల మాత్రం తిరిగి రాలేదు. 1936లో నిజాం కుమారునికి 'బేరార్ యువరాజు' అన్న బిరుదు దక్కింది, అంతే.

సిపాయిల పరంపర మాత్రం తెగలేదు. ఆ పటాలాలే 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. కుమావున్ కొండల జవాన్లు అందులో ఎక్కువగా చేరుతూ వచ్చారు. 1945లో దాని పేరే కుమావున్ రెజిమెంట్‌గా మారింది. 1947 నవంబరు 3న శ్రీనగర్ దగ్గర బడ్గాంలో ప్రాణమిచ్చి, దేశంలో తొలి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఆ రెజిమెంట్ వాడే. 1942లో ఆయన చేరిననాడు దాని పేరు ఇంకా హైదరాబాదే!

దొర వడ్డీ చూసుకున్నాడు, రాజు బిరుదు చూసుకున్నాడు. శిస్తు కట్టింది రైతు, నెత్తురు పోసింది సిపాయి. ఈ దారిన పోయేవారు పెన్‌గంగ వంతెన మీద ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ నదిని సరిహద్దు చేసింది కత్తి కాదు, జీతాల చిట్టా.